పదమూడో గడి

పోయిన వారం లేదమ్మను వెనక గది గుమ్మంలో, నెత్తినిండా బూజుతో, చేతిలో ఒక అట్టల పుస్తకంతో నిలబెట్టి మన దారిన మనం వెళ్ళిపోయాం. ఆవిడ వారం రోజులూ అక్కడే నిలబడి ఉందని కాదు. కానీ ఆ పుస్తకం చేతికి తగిలినప్పటి నుంచి ఆవిడ మనసు మాత్రం ఆ గుమ్మం దాటి ఇవతలకి రాలేదు.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. లేదమ్మ అసలు పేరు కాదు. వరదల కార్యాలయంలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తోంది, అందులో రికార్డుల గదికి పదకొండేళ్ళుగా ఆవిడే దిక్కు. ఎవరు ఏ కాగితం అడగబోయినా ముందు "లేదు" అని, ఆ తర్వాత ఏం కావాలని అడుగుతుందని బంట్రోతులు పెట్టిన పేరది. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతుంది. ఇంతలో పైనుంచి ఆర్డరు వచ్చి పడింది. ఆఫీసులో ఉన్న ప్రతి రిజిస్టరూ, ప్రతి పటమూ, కంప్యూటర్లో ఉన్న ప్రతి పట్టికా కేటలాగులోకి ఎక్కించాలి. ప్రభుత్వం దగ్గర ఏ సమాచారం ఉందో, ఎక్కడ ఉందో జనం ఇంట్లో కూర్చుని చూసుకునేలా పెట్టాలి. ఆ పని చేయించడానికి వచ్చిన కేటలాగు ఆఫీసరు, పాత జాబితా చూసి కొత్త జాబితా రాసెయ్యడం కుదరదంది. ప్రతి వస్తువునూ చేత్తో ముట్టుకున్నాకే రాయాలంది. దాంతో ఏళ్ళ తరబడి తాళం పడి ఉన్న వెనక గది తెరిచారు.

అక్కడ పై అరలో దొరికింది నీటిమట్టాల పుస్తకం. ఇరవై ఏడేళ్ళ కిందటి పెద్ద వరద తీసిపోయాక, ఇంటింటికీ తిరిగి, గోడ మీద నీటి మరక ఎంత ఎత్తుందో టేపు పెట్టి కొలిచి రాసిన పుస్తకం. జాబితాలో మాత్రం దాని ఎదురుగా "తడిసి పాడైనందున తొలగించబడినది" అని ఉంది. తీరా చూస్తే పుస్తకానికి చెమ్మ కూడా తగల్లేదు.

మర్నాడు ఉదయం కేటలాగు ఆఫీసరు ఆ పుస్తకాన్ని బల్ల మీద తెల్లగుడ్డ పరిచి మరీ పెట్టుకుంది. నలభై దాటిన మనిషి, ఊరికే నవ్వే రకం కాదు. అలాంటిది ఆ రోజు ముఖం వెలిగిపోతోంది. ఉన్న పుస్తకం లేనిదెలా అయిందో తేల్చాలని పాత జాబితాలన్నీ వరసగా తీయించింది. అరగంటలో తేలిపోయింది. పదిహేనేళ్ళ కిందట కప్పు కారి తొమ్మిది ఫైళ్ళు తడిశాయి. అప్పటి గుమాస్తా ఆ తొమ్మిదింటి పక్కన ఎర్ర పెన్సిలుతో ఒక పెద్ద బ్రాకెట్టు గీసి "తడిసి పాడైనందున తొలగించబడినవి" అని రాశాడు. బ్రాకెట్టు తోక ఒక్క గీత కిందికి జారి పదో దాన్ని కూడా లోపలికి లాక్కుంది. అంతే, ఏ నీళ్ళూ తడపని పుస్తకాన్ని పెన్సిలు ముంచేసింది.

ఆ మరుసటి ఏడు జాబితాను ఈ బ్రాకెట్టున్న జాబితా చూసి రాశారు. ఆ పై ఏడు దాన్ని చూసి ఇంకొకటి. ఆఖరి పదకొండూ లేదమ్మ చేతిరాత. పాత గుమాస్తా బ్రాకెట్టు వంకరగా గీస్తే, ఈవిడ స్కేలు పెట్టి తిన్నగా, తోకతో సహా గీసింది. కేటలాగు ఆఫీసరు అది చూసి నవ్వింది. లేదమ్మ కూడా తేలు కుట్టిన దొంగలా నవ్వింది.

ఆ తర్వాత ఫారం నింపడం మొదలుపెట్టారు. ఒక్కో రికార్డుకు పదమూడు గళ్ళు. పేరు, సంవత్సరం, పేజీలు, పరిస్థితి, ఎవరి అధీనంలో ఉంది, ఇలా పన్నెండు గళ్ళు గబగబా నిండాయి. పదమూడోది ఒక ప్రశ్న: ఈ సమాచారం గతంలో ఎవరైనా అడిగారా? అడిగితే ఏమని జవాబిచ్చారు? ఇంత పాత పుస్తకం ఎవరడుగుతారు లెండి, అయినా ఒకసారి అర్జీల ఫైలు తిరగేసి మీరే రాసెయ్యండి అని చెప్పి ఆఫీసరు మీటింగుకు వెళ్ళిపోయింది.

లేదమ్మకు ఫైలు తిరగెయ్యాల్సిన అవసరం లేదు. ఏడు అర్జీలు. ఏడూ ఒకే మనిషివి. పల్లపు వీధిలో గడియారాలు బాగుచేసుకునే ఆయన ఆరేళ్ళ కిందట మొదలుపెట్టి రెండేళ్ళపాటు పెట్టుకున్నవి. వరదొస్తే ముందు ఏ వీధులకు మైకు బండీ, పడవలూ పంపాలో అప్పట్లో కొత్త జాబితా తయారవుతోంది. పాత వరదలో మూడడుగులు దాటి నీళ్ళొచ్చినట్టు రుజువున్న వీధులే అందులోకి ఎక్కుతాయి. మా వీధిలో గుండెల దాకా వచ్చాయి, మీవాళ్ళు వచ్చి కొలిచారు, టేపు రెండో కొస పట్టుకున్నది నేనే, దయచేసి ఆ పుస్తకం తీయించండి అని ఆయన ఏడుసార్లు రాశాడు. ఏడుసార్లూ ఆ అర్జీ లేదమ్మ బల్ల మీదికి వచ్చింది. ఏడుసార్లూ ఆవిడ దాని కింద "వెతికి చూశాను. లేదు" అని రాసి పైకి పంపింది. సంతకం పెట్టడం పై ఆఫీసరు వంతు, ఆయన పెట్టేశాడు.

పల్లపు వీధి జాబితాలోకి ఎక్కలేదు. నాలుగేళ్ళ కిందట మళ్ళీ వరద వచ్చింది. మైకు బండి పక్క వీధి దాకా వచ్చి తిరిగి వెళ్ళింది. పడవలు జాబితాలో ఉన్న వీధులన్నీ తిరిగి మూడో రోజుకి ఇక్కడికి చేరాయి. గడియారాలాయన భార్యకు ముందే ఉబ్బసం. రెండు రోజులు నడుం లోతు నీళ్ళలో నానిన మనిషి తొమ్మిదో రోజు ఆసుపత్రిలో పోయింది.

ఇక్కడితో అయితే ఏ ఆఫీసులోనైనా జరిగేదేనని సరిపెట్టుకోవచ్చు. రెండేళ్ళ కిందట ఆ గడియారాలాయన కూతురే లేదమ్మ ఇంటికి కోడలిగా వచ్చింది.

సంబంధం మాటలు జరిగిన రోజున ఆయన మాటవరసకి, మీ ఆఫీసుకే ఏడుసార్లు అర్జీ పెట్టుకున్నాను చెల్లెమ్మా, ఎవరో మహానుభావుడు వెతికి చూశాను లేదు అని రాసేశాడు అన్నాడు. ఆ మహానుభావుడు తానేనని లేదమ్మకు తెలుసు. నోరు మాత్రం చక్కగా తిరిగింది. అయ్యో, అది వేరే సెక్షను అన్నయ్యగారూ, నాకు తెలిస్తే ఊరుకునేదాన్నా అంది. ఆ పుస్తకం నిజంగానే పాడైపోయిందని అప్పటికి ఆవిడ నమ్మకం. కానీ తాను వెతకలేదన్నది నమ్మకంతో పనిలేని సంగతి. పెళ్ళిలో తల్లి లేని పిల్లను దగ్గరికి తీసుకుని, నేనున్నానుగా, ఇకనుంచి నేనే మీ అమ్మని అని కూడా అంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ఆవిడకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

పుస్తకంలో పల్లపు వీధి పేజీ తీసింది. పదిహేడో ఇల్లు, గడియారాలాయనది. నీటి ఎత్తు నాలుగడుగుల రెండంగుళాలు. కొలిచినప్పుడు దగ్గరున్నవారి సంతకం అన్నచోట తోక మెలితిప్పిన సంతకం. పెళ్ళి పత్రం మీద కూడా ఆయన అచ్చం అలాగే పెట్టాడు.

అప్పుడు లేదమ్మ ఏం చేసిందో దాచకుండా చెబుతాను. పెన్సిలు తీసుకుని పదమూడో గడిలో "ఎవరూ అడగలేదు" అని రాసింది. అర్జీల ఫైలు తన బీరువాలోనే ఉంది, తాళంచెవి తన నడుముకే ఉంది, ఎవరొచ్చి చూడబోతారు? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ గడి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. చెయ్యి తీసి చూసుకుంటే అది తన చేతిరాతే. ఏడు అర్జీల మీద ఉన్నదీ అదే. ముప్పై ఏళ్ళుగా తను ఇలాగే ఉన్నానా అనిపించింది. కాగితం చిరుగుతుందేమో అన్నంతగా రబ్బరు పెట్టి రుద్దింది. తర్వాత పెన్ను తీసుకుని రాసింది: "అడిగారు. ఏడుసార్లు. నేను గదిలోకి వెళ్ళకుండానే వెతికి చూశాను, లేదు అని రాశాను." కింద పూర్తి పేరు, హోదా, తేదీ.

మీటింగు నుంచి వచ్చిన ఆఫీసరు ఆ గడి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. ఇలా రాయనక్కర్లేదని, లభ్యం కాదని జవాబిచ్చారు అంటే చాలని, "నేను" అన్న మాట ఎందుకని నెమ్మదిగా అడిగింది.

"గదిలోకి వెళ్ళాల్సింది నేనే కదండీ," అంది లేదమ్మ.

ఆఫీసరు ఇక వాదించలేదు. ఎంక్వయిరీ వెయ్యొచ్చని, పెన్షను ఆగొచ్చని మాత్రం చెప్పింది. ఎల్లుండి ఉదయం కేటలాగు తెరుస్తామని, ఈ పేజీ కూడా అందరికీ కనబడుతుందని చెప్పింది. ఆఖర్న, మీ ఇంట్లో వాళ్ళకి ఈలోపే చెప్పుకుంటే మంచిదేమో చూడండి అంది. కోడలి సంగతి ఆవిడకు తెలియదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, లేదమ్మ చటుక్కున తల దించుకుంది.

ఇంటికి వచ్చేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. కొడుకు సాయంత్రం షిఫ్టుకు వెళ్ళిపోయాడు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే కోడలు అప్పుడే వచ్చి, చలిగా ఉందని వెన్నరంగు శాలువా కప్పుకుని, వంటింటి బల్ల దగ్గర టీ పోస్తోంది. అత్తగారి ముఖం చూడగానే ఒంట్లో బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందంది లేదమ్మ. టీ తాగింది. కప్పు తనే కడిగింది. ఆరిన బట్టలు మడతపెట్టింది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెట్టింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు ఈవిడ ఇలా తిరుగుతుంటే కోడలు కనిపెట్టకుండా ఉంటుందా?

"ఏంటత్తయ్యా? చెప్పండి," అంది.

"మీ నాన్నగారు అడిగిన పుస్తకం దొరికిందమ్మా."

కోడలి ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఎక్కడ దొరికిందంటూనే ఫోను కోసం చుట్టూ చూసింది. మా వెనక గదిలోనే, పై అరలో అంది లేదమ్మ. ఎప్పట్నుంచీ ఉంది అక్కడ అని అడిగింది కోడలు. మొదట్నుంచీ అంది లేదమ్మ. ఫోను అందుకోబోయిన చెయ్యి అక్కడే ఆగింది.

"మరి వెతికి చూశామన్నారుగా. ఆ కాగితం నాన్న దగ్గర ఇంకా ఉంది."

"ఆ మాట రాసింది నేనే."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అని లేదమ్మ ఎదురుచూసింది. అరిచినా బాగుండేది. ఆ పిల్ల మాత్రం దుకాణంలో ఎవరికో చూపు పరీక్ష చేస్తున్నట్టు ఒక్కొక్కటే అడగసాగింది.

"వెతికారా?"

"లేదమ్మా."

"గదిలోకి వెళ్ళారా?"

"లేదు."

"తలుపు దాకా?"

"తాళంచెవి కూడా అడగలేదు."

"ఎందుకు?"

ఈ ప్రశ్నకు లేదమ్మ దగ్గర మంచి మంచి జవాబులున్నాయి. పని ఎక్కువ, మనుషులు తక్కువ. జాబితాలో లేదని ఉంది, జాబితాను కాదనడానికి నేనెవర్ని? అన్నీ నిజాలే. కానీ వాటిలో ఏదీ అసలు కారణం కాదు. అసలు కారణం ఎంత చిన్నదంటే, దాన్ని పైకి చెప్పడం కంటే భూమి చీలి లోపలికి పోవడం నయమనిపించింది.

"ఆ రోజు కొత్త శాలువా కప్పుకుని వెళ్ళాను. వెనక గదంతా బూజు. ఉన్నికి అంటుకుంటే వదలదు. అందుకని వెళ్ళలేదు."

"ఏడుసార్లూ అందుకేనా?"

"మొదటిసారి అందుకు. తర్వాత ఆరుసార్లూ మొదటిసారి రాసింది చూసి రాశాను."

కోడలు తన భుజాల వైపు చూసుకుంది. కిందటేడు వానాకాలంలో ఆ పిల్ల వణుకుతుంటే, నాకెందుకు, నువ్వు కప్పుకో అని లేదమ్మ ఇచ్చిన శాలువా అది. ఇదేనా అని అడిగింది. లేదమ్మ తల ఊపింది. కోడలు దాన్ని మెల్లగా తీసి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీ చేతి మీద ఉంచింది. విసిరికొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"అమ్మ కిటికీలోంచి పడవ కోసం చూస్తూ కూర్చుంది," అంది కోడలు. "పక్క వీధికి వచ్చింది. మాకు రాలేదు. మన వీధి జాబితాలో లేదట అని నాన్న చెబితే, ఎవరో మర్చిపోయి ఉంటారులే పాపం అంది."

ఆ 'పాపం' అన్న మాట తనకోసం అన్నదేనని లేదమ్మకు తెలిసింది. చావబోతున్న మనిషి, ముఖం తెలియని తన మీద జాలిపడింది. ఇన్నేళ్ళలో ఎవరు తిట్టినా తగలనంత గట్టిగా ఆ జాలి తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడవడానికి కూడా ముఖం చెల్లలేదు. ఏం చెయ్యాలో తోచక కిందికి వంగి కోడలి కాళ్ళు పట్టుకోబోయింది.

"వద్దత్తయ్యా." కోడలు కాళ్ళు వెనక్కి తీసుకుంది. "మీరలా చేస్తే నేను క్షమించాల్సి వస్తుంది. నాకిప్పుడు రాదు."

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. ఎవరన్నారో గానీ చెప్పి చూసి అన్నట్టు లేదు. సంబంధం మాటలప్పుడైనా చెప్పి ఉండొచ్చుగా అని కోడలు అడిగితే, చెబితే సంబంధం తప్పిపోతుందని భయపడ్డానంది లేదమ్మ. తప్పిపోయేది, అంది కోడలు. చినుకులు ఆగాయి. ఎదురింటివాళ్ళు గుమ్మంలో నీళ్ళు చీపురుతో తోస్తున్న చప్పుడు వినిపించింది.

"నాన్నకి నేను చెప్పను," అంది కోడలు ఫోను తీసుకుని. "ఎల్లుండి ఆయన ఆ పేజీ మీద చదివి తెలుసుకోకూడదు. మీరే చెప్పండి." నంబరు నొక్కి అత్తగారి చేతిలో పెట్టింది.

అవతల రెండోసారి మోగేలోపే ఎత్తాడాయన. వెనక బోలెడు గడియారాలు ఒకదానికొకటి పొంతన లేకుండా టిక్కుటిక్కుమంటున్నాయి. లేదమ్మ గొంతు వినగానే ఎంత సంబరపడ్డాడో. నేనే చేద్దామనుకుంటున్నాను చెల్లెమ్మా అన్నాడు. మీ ఆఫీసు కేటలాగు ఎల్లుండి తెరుస్తారటగా, మా పుస్తకం గురించి అందులో ఒక్క ముక్కయినా ఉంటుందేమోనని ఆశ అన్నాడు. ఆ ఆఫీసులో మన మనిషంటూ మీరొకరున్నారు, అదే నాకు ధైర్యం అన్నాడు. లేదమ్మ కళ్ళు మూసుకుంది. కోడలు ఎదురుగా కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది.

"అన్నయ్యగారూ, పుస్తకం దొరికింది. మీ సంతకం కూడా ఉంది అందులో." ఫోను రెండు చేతుల్తో పట్టుకుంది. "మీకు లేదని రాసిన మనిషిని నేనే. ఏడుసార్లూ నేనే. వెతకలేదు. వేరే సెక్షనని మీతో అన్నది అబద్ధం."

అవతల గడియారాల చప్పుడే వినిపించింది. వాటిలో ఒకటి ఏడు కొట్టింది, ఇంకొకటి ఆలస్యంగా మళ్ళీ ఏడు కొట్టింది. ఫోను పెట్టేశాడేమో అనుకుంది లేదమ్మ. పెట్టేస్తే బాగుండునని కూడా అనుకుని, అలా అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

"రేపు సాయంత్రం మా వీధివాళ్ళం కూర్చుంటున్నాం," అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు, ఇందాకటి సంబరమూ లేదు. "ఎనిమిదో అర్జీ రాసుకోవడానికి. ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ వస్తారు. ఆ రెండు రోజుల్లో మనిషిని పోగొట్టుకున్నది మా ఇల్లొక్కటే కాదు. మా పక్కింటాయనకి మనవరాలు పోయింది. ఇప్పుడు నాతో అన్న మాట వాళ్ళ ముందు అనండి. అనగలరా?"

చెల్లెమ్మా అన్న పిలుపు ఈసారి లేదు. అది లేకపోవడం లేదమ్మ చెవికి అన్ని మాటలకన్నా ముందు వినిపించింది.

ముప్పై ఏళ్ళుగా నాలుక చివర కాచుకుని ఉండే మాట అలవాటుగా పెదవుల దాకా వచ్చింది. దాన్ని మింగి, "వస్తాను," అంది.

ఆయన ఫోను పెట్టేశాడు. లేదమ్మ దాన్ని కోడలికి తిరిగి ఇచ్చింది. కోడలు తీసుకుంది.

"నేనూ వస్తాను," అంది.

లేదమ్మ తలెత్తింది. రోజంతటిలో మొదటిసారి ఆవిడ ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. పిల్ల మంచిది, ఎంతయినా నన్ను అంతమందిలోకి ఒంటరిగా పంపదు అనుకుంది.

"కానీ మీ పక్కన కూర్చోను," అంది కోడలు. "నాన్న పక్కన కూర్చుంటాను. మీకెదురుగా."